ట్రంకు రోడ్డు మజిలీలు

మా ఊరివాళ్లు ట్రంకు రోడ్డెక్కి ఎక్కడికో వెళ్లింది తక్కువ, ఆ రోడ్డు మీద వచ్చేపోయేవాళ్లని చూసింది ఎక్కువ. కత్తిపూడికీ జగ్గంపేటకీ మధ్య రోడ్డుని ఆనుకుని ఉన్న ఊరు మాది. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే ఆ దారిని మా తాతగారి తరంవాళ్లు ‘జియెన్టీ రోడ్డు’ అనేవారు. గ్రేట్ నార్తర్న్ ట్రంక్ రోడ్డని దాని ఇంగ్లీషు పేరు. సర్కారు కాగితాల్లో అయిదో నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లన్నీ మార్చినప్పుడు పదహారయింది. నేను చెప్పేది అరవైల చివర, డెబ్భైల మొదట్లో సంగతి. అప్పట్లో జాతీయ రహదారంటే ఎదురెదురుగా లారీ, బస్సు వస్తే రెంటిలో ఏదో ఒకటి పక్క మట్టిలోకి దిగి దారివ్వాల్సినంత వెడల్పే. దిగిన బండి ఎలాగూ దిగింది కదా అని ఒక్కోసారి అక్కడే ఆగిపోయేది. డ్రైవరు బీడీ ముట్టించేవాడు. క్లీనరు రేడియేటర్లోకి నీళ్ల కోసం డబ్బా పట్టుకుని బావి దగ్గరికి వచ్చేవాడు. ఆగడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు ఆ రోడ్డు మీద.

ఆగినవాడికి ముందు దొరికేది నీడ. రెండు పక్కలా చింతచెట్లు, మధ్యమధ్య మర్రి, రావి, నేరేడు. కొమ్మలు పైన కలిసిపోయి, మిట్టమధ్యాహ్నం కూడా రోడ్డు మీద ఎండ చిల్లర పోసినట్టు పడేది తప్ప పరుచుకునేది కాదు. ప్రతి చెట్టు మొదలుకీ సున్నం పట్టీ, గేరు పట్టీ, మీద నల్లరంగుతో నంబరు. చింతపండు కాపుకి ఏటా సర్కారు పాట పెట్టేది. పాడుకున్నవాడి మనుషులు కర్రలు పట్టుకుని కాపలా తిరిగేవారు, మేం వాళ్ల కళ్లుగప్పి చింతకాయలు రాల్చేవాళ్లం. ఎవరి మీదా ఎవరికీ పెద్ద కోపాలుండేవి కావు.

సత్రం రోడ్డు పక్కనే ఉండేది. మట్టిగోడల పెంకుటిల్లు. ముందు పొడవాటి వసారా, దానికి టేకు స్తంభాలు, లోపల నడవా, నడవాకి అటూ ఇటూ గదులు, వెనక వంటిల్లు, ఆ వెనక గిలక బావి. కట్టించినాయన పేరు చెక్కిన రాతిపలక ఒకటి గుమ్మం పక్కన ఉండేది. ఏటేటా కొట్టిన వెల్ల కింద అక్షరాలు పూడిపోయి, వేలితో తడిమితే తప్ప అక్కడ రాత ఉందని తెలిసేది కాదు. ఆ మహానుభావుడెవరో మా తాతయ్యకీ తెలియదు. ‘లోకల్ ఫండు సత్రం’ అని పిలిచేవారు. తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు ఉన్న రోజుల్లో వాటి సొమ్ముతో నడిచింది కాబట్టి ఆ పేరు. 1959లో జిల్లా బోర్డులు పోయి పంచాయతీ సమితులూ జిల్లా పరిషత్తులూ వచ్చాక సత్రం సమితి చేతిలోకి వెళ్లింది. పేరు మాత్రం అదే మిగిలింది.

సత్రాన్ని చూసుకోవడానికి సమితి ఇచ్చే జీతం మీద ఒక ముసలాయన ఉండేవాడు. సాయంత్రం లాంతరు వెలిగించి వసారా దూలానికి తగిలించడం, చీపురు, చేద, బావి తాడు చూసుకోవడం ఆయన పని. వంటకి సత్రం మామ్మ ఉండేది. ఆమెకి జీతం లేదు. బియ్యం, పప్పు ఇచ్చినవాళ్లకి వండిపెట్టేది, తెచ్చుకోనివాళ్లకి తన కుండలోది పెట్టేది. డబ్బులిస్తే తీసుకునేది, ఇవ్వకపోతే అడిగేది కాదు. ఇది గొప్ప త్యాగమని ఆమె గాని ఊరు గాని అనుకున్న గుర్తు లేదు. ఆమె వండే ముద్దపప్పు, వంకాయ పచ్చిపులుసు వాసన రోడ్డు దాకా వచ్చేది. సామర్లకోటలో రైలు తప్పిపోయిన గుమాస్తాలు కూడా ఆ వాసనకి దారి తెలుసుకుని వచ్చేవారని మా తాతయ్య హాస్యమాడేవాడు.

సాయంత్రం ఆరయ్యేసరికి బళ్లు వరసగా వచ్చి ఆగేవి. బండి విప్పి, కాడి నేలకి వాల్చి, ఎడ్లని రాతితొట్టి దగ్గరికి తోలేవారు. ఆ తొట్టి ఒకే బండరాయిని తొలిచింది. ఎడ్లు మెడలు రాసీ రాసీ దాని అంచు నున్నగా అరిగి, నల్లగా మెరిసేది. బావిలోంచి తోడిన నీళ్లు చిన్న కాలవ గుండా తొట్టిలో పడేవి. ముందు ఎడ్లు తాగాలి, తర్వాతే మనుషులు కాళ్లు కడుక్కోవాలి. ఈ క్రమం ఎవరూ తప్పేవారు కాదు. ఎడ్లకి చిట్టూ తవుడూ కలిపిపెట్టి, చింతచెట్టు కింద మూడు రాళ్లు పెట్టి, తమకి గంజి కాచుకునేవారు. తుని మామిడికాయల బళ్లు వేసవిలో వచ్చేవి. సముద్రం వైపు నుంచి ఉప్పు బళ్లు వచ్చేవి. అనకాపల్లి బెల్లం లారీల మీద వెళ్లేది, లారీ ఆగినప్పుడు వెనక మూగే తేనెటీగలకి మేం భయపడేవాళ్లం. గంగిరెద్దులవాళ్లు, పగటివేషాలవాళ్లు, తంబురా భుజాన వేసుకున్న బైరాగులు, పూసలమ్మే ఆడవాళ్లు, చుట్టాలింటికి పిల్లల్ని వెంటబెట్టుకుని నడిచి వెళ్లేవాళ్లు, వీళ్లందరికీ ఆ వసారాయే బస. దూరపు లారీల సర్దార్జీ డ్రైవర్లు మధ్యాహ్నంపూట బావిగట్టు మీద జుట్టు విప్పి స్నానం చేస్తుంటే మేం గోడెక్కి కూర్చుని చూసేవాళ్లం. మగవాళ్లకి అంత జుట్టుంటుందని అంతకుముందు మాకు తెలియదు. వాళ్ల మాట మాకు అర్థమయ్యేది కాదు, మా మాట వాళ్లకి అర్థమయ్యేది కాదు. ఒకాయన మాత్రం ప్రతిసారీ బెల్లం ముక్క చేతిలో పెట్టి వెళ్లేవాడు.

రాత్రి భోజనాలయ్యాక మా తాతయ్య వసారాకి వెళ్లి కూర్చునేవాడు. ఆయనకి అదే పేపరు.

“ఎవరిదండీ బండి?”

“మాదేనండి. ఎలమంచిలి దాటి లోపలికండి.”

“వానలు పడ్డాయా అటు?”

“ఒక్క చుక్క లేదండి. పశువుల్ని అమ్మేసుకుంటన్నారండి మా వైపు.”

అలా ఆ వారంలోనే ఎలమంచిలి పశువుల ధర మా ఊరికి తెలిసేది. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ పెద్దయ్యాక చదివినప్పుడు, మజిలీకో కథ చెప్పాలన్న ఆలోచన ఆ రాజమండ్రి పండితుడికి రావడం నాకు వింతగా తోచలేదు. ఎడ్లు నెమరేసేదాకా మనిషికి వేరే పనేముంది?

వచ్చినవాళ్లని ముందడిగేది ‘ఏ ఊరు?’ అని, ఆ తర్వాత ‘ఎవరి తాలూకు?’ అని. ఈ రెండో ప్రశ్న లోపల కులం ఉంది. దాన్ని దాటేసి సత్రం గురించి రాస్తే నేను అబద్ధం రాసినట్టే. నడవాలోకి కొందరే వెళ్లేవారు. వసారా మరికొందరికి. మాలమాదిగలు చింతచెట్టు కిందే పడుకునేవారు. వాన వస్తే బండి కిందకి దూరేవారు. బావి గిలక తాడు వాళ్ల చేతికి ఇచ్చేవారు కాదు, ఎవరైనా తోడిపోయాలి. పెద్ద ఊళ్లలో బ్రాహ్మణ సత్రం, వైశ్య సత్రం అని బోర్డులు కట్టి మరీ ఉండేవి, ఇప్పటికీ యాత్రాస్థలాల్లో ఉన్నాయి. మా సత్రానికి బోర్డు లేదు గానీ, బోర్డు చేసే పని ఊరు చేసేది. అందరికోసమూ కట్టినదన్న మాట రాతిపలక మీద రాసి ఉందో లేదో తెలియదు, నడక మాత్రం అలా లేదు.

చలివేంద్రం దగ్గరా అంతే. ఉగాది వెళ్లగానే మా నాయనమ్మ ఆధ్వర్యంలో మర్రిచెట్టు కింద తాటాకు పందిరి వేసేవారు. ఏలేరు నుంచి బండి మీద ఇసుక తోలించి, మెత్తగా పరుపులా పరిచి, దాని మీద కొత్త కుండలు కుదురుగా దిగేసేవారు. కొత్త కుండని మొదటి రెండు రోజులూ తాగడానికి వాడకూడదు, నీళ్లు పోసి పారబోస్తూ ఉండాలి. వాసన పోయాక అప్పుడు నింపాలి. ఎండలు ముదిరి చెరువు అడుగంటితే నీళ్లు బురదగా వచ్చేవి. అప్పుడు నాయనమ్మ చిల్లగింజ తీసేది. బటాణీ కంటే కొంచెం పెద్ద గింజ. దాన్ని కుండ లోపలి అంచుకి చుట్టూ రుద్ది, నీళ్లు పోసి, మూత పెట్టి వదిలేసేది. తెల్లారేసరికి మట్టి అంతా అడుగుకి పేరుకుని, పైన అద్దం లాంటి నీళ్లు. కుండలకి తడిగుడ్డ చుట్టి, ఒక కుండలో వట్టివేళ్లు వేసేది. కారిన నీళ్లతో ఇసుక ఎప్పుడూ తడిగా ఉండేది, అందులో ఎక్కడి నుంచో రాలిన వడ్లగింజలు మొలకలెత్తి, వైశాఖం నాటికి కుండల చుట్టూ పచ్చగా జానెడు నారు లేచేది. దాన్ని నాయనమ్మ పీకనిచ్చేది కాదు.

నీళ్లతో పాటు పన్నెండు దాటాక పల్చటి మజ్జిగ, అందులో ఉప్పు, నలిపిన నిమ్మాకు. ఊళ్లో పాడి ఉన్న ఇళ్లవాళ్లు వంతులేసుకుని మజ్జిగ తెచ్చేవారు. కొందరికి మూతికి ఎత్తి తాగడానికి కంచుచెంబు ఇచ్చేవారు. కొందరికి దోసిట్లో పోసేవారు. మరికొందరికి వెదురుగొట్టం గుండా, అల్లంత దూరం నుంచి. పిల్లలకి ఈ తేడా ముందు కనపడదు, ఒకసారి కనపడ్డాక మరి పోదు. వెదురుగొట్టం ఒక ఏడాది కనిపించలేదు. తీసేసింది మా నాన్న. నాయనమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు, తర్వాత తనే అందరికీ ఒకే గరిటెతో దోసిట్లో పోయడం మొదలుపెట్టింది. చెంబు ఇంటికి వెళ్లిపోయింది.

గోదావరి జిల్లాల్లో ఈ ఎంపికలేవీ లేకుండా అన్నం పెట్టిన మనిషి ఉండేదని తాతయ్య చెప్పేవాడు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు. 1841లో పుట్టి 1909లో పోయారు. గోదావరి పాయ దాటి వెళ్లేవాళ్లు, అర్ధరాత్రి తలుపు తట్టినవాళ్లు, ఎవరైనా సరే ఆమె ఇంట్లో ఆకలితో పడుకోలేదని కోనసీమ అంతా చెప్పుకుంటుంది. అది సర్కారు సత్రం కాదు, ఆమె ఇల్లు. ఇప్పుడు గన్నవరం దగ్గర అక్విడక్టుకి ఆమె పేరుంది, ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికీ 2024లో ఆమె పేరే పెట్టారు. దారిన పోయేవాళ్లకి పెట్టిన చేయి ఆమెది, దారిలో మాత్రం ఆమె పేరుతో నాకు ఒక్క వసారా కనపడలేదు.

ఇదంతా మా జిల్లా గొప్ప కాదు. కర్నూలు జిల్లాలో గుత్తికి దగ్గరలో ఉన్న ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో ఒకటి, మనుషులకీ పశువులకీ ఉపయోగపడేలా దారుల వెంట బావులు తవ్వించాననీ చెట్లు నాటించాననీ చెబుతుంది. పశువుల్ని కూడా లెక్కలోకి తీసుకోవడం చూస్తే మా రాతితొట్టి గుర్తొచ్చింది. హైదరాబాదు నుంచి విజయవాడ రోడ్డెక్కగానే వచ్చే హయాత్‌నగర్‌లో, కుతుబ్‌షాహీల నాటి మసీదు చుట్టూ సరాయి గదులు వరసలు తీరి ఉంటాయి. వాటితో ముడిపడ్డ పేరు మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు హయాత్ బక్షీ బేగంది. ఆ ఊరి పేరే ఆమె పేరు. ఇప్పుడు ఆ రోడ్డు మీద రోజూ వెళ్లే వేలమందిలో అది దారినపోయేవాళ్ల కోసం కట్టిన చోటని తెలిసినవాళ్లు ఎందరో! ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తీరం వెంట తిరిగొచ్చాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తెరిస్తే మజిలీ తర్వాత మజిలీ, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఎక్కడ నీళ్లు బాగున్నాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఇదే లెక్క. అప్పటి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన మనిషికి దేశం కొలవడానికి అదే సరైన కొలబద్దగా తోచింది.

ఈ మజిలీలు నాలుగు వరసల రోడ్డుతోనే చచ్చిపోయాయని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదటి దెబ్బ రైలుది. విజయవాడ నుంచి కటకం వైపు రైలుదారి 1893 నుంచి ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది, 1900లో రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన వచ్చింది. దూరపు ప్రయాణీకులు రైలెక్కారు. దాతల డబ్బూ వాళ్ల వెంటే వెళ్లింది. మద్రాసు సెంట్రల్ ఎదురుగా రాజా సర్ రామస్వామి మొదలియార్ సత్రం, హైదరాబాదులో నాంపల్లి స్టేషన్ పక్కన సరాయి, ఇవన్నీ స్టేషన్ నీడన లేచినవే. రోడ్డు పక్క సత్రాలకి మిగిలింది బళ్లవాళ్లూ నడిచేవాళ్లూ. అంటే మా చిన్నతనంలో మేం చూసింది అప్పటికే అస్తమిస్తున్న సత్రాన్ని. అది మాకు తెలియదు.

రెండో దెబ్బ లెక్కల్లో పడింది. సత్రం నడిచేది దానికి రాసిన మాన్యం మీద. ఆ పొలాన్ని ఏటా కౌలుకి వేలం వేస్తారు. పాడేది ఊళ్లో పెద్దలే, కాబట్టి పాట పెరగదు. ధరలు పదింతలైనా కౌలు అక్కడే ఉంటుంది. వచ్చిన ఆ కాస్తలో జీతం ఇవ్వాలి, పెంకులు మార్చాలి, లాంతరుకి కిరసనాయిలు కొనాలి. ముందు పెంకులు మానేశారు. తర్వాత కిరసనాయిలు. దాతలు పెట్టిన చాలా సత్రాలు 1966 చట్టంతో, ఆ తర్వాత 1987 చట్టంతో దేవాదాయ శాఖ చూపు కిందకి వెళ్లాయి. గుడికి హుండీ ఉంటుంది, సత్రానికి ఉండదు. ఆదాయం లేని చోటికి ఏ ఆఫీసరు వెళ్తాడు? మాది సమితి సత్రం కాబట్టి దాని ఫైలు మరో బల్ల మీద దుమ్ము పట్టింది, అంతే తేడా. మామ్మ పోయాక వంటిల్లు తెరవలేదు. ఒక వానాకాలం వెనక గోడ పడింది. ఎరువుల బస్తాలు కొన్నాళ్లు పెట్టారు.

ఈలోగా లారీలు పెరిగాయి, బళ్లు తగ్గాయి. రోడ్డు పక్క కాకా హోటళ్లు, ఆ తర్వాత పంజాబీ దాబాలు వచ్చాయి. వీటిని నేను తక్కువ చెయ్యను. దాబా ముందు వరసగా నులక మంచాలు, పక్కన సిమెంటు నీళ్లతొట్టి. రొట్టె తిన్న డ్రైవరు రెండు గంటలు పడుకున్నా లేపేవారు కాదు. సత్రం పనిలో సగం దాబా చేసింది. తిన్నవాడికే మంచం, అదొక్కటే షరతు.

1999 జనవరిలో స్వర్ణ చతుర్భుజికి శంకుస్థాపన జరిగింది. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలని కలుపుతూ 5,846 కిలోమీటర్లు. మా రోడ్డు అందులో ఒక భుజం. కొలతలవాళ్లు వచ్చి చెట్లకి ఎర్రరంగు గీతలు పెట్టారు. చింతచెట్లు నరకడానికి వారాలు పట్టింది. వేళ్లు లాగడానికి పొక్లెయిన్లు వచ్చాయి. మర్రిచెట్టు ఊడలతో సహా కూలినప్పుడు ఊరంతా వెళ్లి చూసింది, కర్రకోసం ఊరంతా కొట్టుకుంది కూడా. సత్రం వసారా రోడ్డులో కలిసింది. మిగిలిన గదులకి నష్టపరిహారం ఎవరికివ్వాలో తేలలేదు, ఎందుకంటే అది ఎవరిదీ కాదు. గిలక బావి ఇప్పుడు సర్వీసు రోడ్డు కింద ఉంది. రాతితొట్టిని ఎవరో పొలానికి తోలుకెళ్లారు.

రోడ్డు బాగుపడలేదని నేనంటే పాపం. రాజమండ్రి వెళ్లడానికి పూట పట్టేది, ఇప్పుడు గంటలో వెళ్తున్నాం. పురిటినొప్పులతో ఉన్న ఆడపడుచుని కాకినాడ పెద్దాసుపత్రికి ఎడ్లబండి మీద తీసుకెళ్లిన రోజులు మళ్లీ రావాలని ఎవరు కోరుకుంటారు? నా ఫిర్యాదు వేగం మీద కాదు. ఈ రోడ్డు మీద ఏమీ కొనకుండా కూర్చునే చోటు లేకుండా పోయింది, దాని మీద. హోటళ్లకి లోటు లేదు. ప్రైవేటు బస్సు ఏ హోటలు ముందు ఆగాలో డ్రైవరుకీ హోటలుకీ మధ్య ముందే తేలిపోతుంది. డ్రైవరుకి భోజనం ఊరికే, ఆ ఖర్చు మన దోసెలో కలుస్తుంది. కడుపుతో ఉన్న అమ్మాయి, షుగరున్న పెద్దాయన, మోటారు సైకిలు మీద బిడ్డని మధ్యలో కూర్చోబెట్టుకుని పెళ్లికి వెళ్లే జంట ఎక్కడ ఆగాలి? మధ్యలో డివైడరు, పక్కన ఇనప కంచె, నీడకి చెట్టు లేదు. డివైడరులో గన్నేరు, కాగితప్పూలు ఉన్నాయి, వాటి కింద నిలబడలేం. విశాఖ ప్రయాణమంటే మా ఆవిడ పొద్దున లేచింది మొదలు మంచినీళ్లు ముట్టదు. దారిలో టాయిలెట్ ఉంటుందో ఉండదో, ఉన్నా తలుపు గడియ ఉంటుందో ఉండదో అని. ఆమె ఒక్కతే కాదు, మీ ఇంట్లో ఆడవాళ్లని అడగండి. సత్రం రోజుల్లో కూడా ఆడవాళ్లకి మరుగు లేదు, చెరువు గట్టే గతి. యాభై ఏళ్ల తర్వాత, ఇన్ని వేల కోట్లు పోశాక కూడా ఆ ఒక్క విషయంలో పెద్దగా కదల్లేదంటే ఏమనాలి?

లారీ డ్రైవరు సంగతి ఇంకా ఘోరం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, రాత్రి మజిలీ పడే చోట విశ్రాంతి గదులుండాలని చెప్పింది. వరసగా అయిదు గంటలు పనిచేసినవాడికి కనీసం అరగంట విరామం ఇవ్వాలని చెప్పింది. 2025 దాకా, అరవై ఏళ్లకి పైగా అమల్లో ఉంది ఆ చట్టం. తెల్లవారుజామున అన్నవరం నుంచి రాజమండ్రి వైపు వెళ్లి చూడండి. టోల్‌గేటు దాటాక రోడ్డు అంచున వరసగా లారీలు, క్యాబిన్ కిటికీలోంచి బయటికొచ్చిన కాళ్లు. వెనక దీపం లేని లారీని కారు గుద్దుకున్న వార్త ఏ వారం పేపర్లో లేదు? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 36 శాతం జాతీయ రహదారుల మీదే. మొత్తం రోడ్లలో ఆ రహదారుల పొడవు రెండు శాతం దరిదాపుల్లో ఉంటుంది. ప్రతి చావూ నిద్ర వల్లే అని నేననను. నిద్ర పోవడానికి చోటు ఇవ్వని రోడ్డుకి మాత్రం అందులో వాటా ఉంది.

ప్రభుత్వం దగ్గర ఆలోచన లేకపోలేదు. నలభై నుంచి అరవై కిలోమీటర్లకో చోట దారి పక్క వసతులు కట్టాలని రహదారుల సంస్థ అనుకుంది. 2024 ఫిబ్రవరిలో ప్రధాని డ్రైవర్ల కోసం 1000 విశ్రాంతి భవనాలు కడతామన్నారు, అదే ఏడాది అక్టోబరులో ‘హమ్‌సఫర్’ అని కొత్త విధానమూ వచ్చింది. చమురు కంపెనీలు బంకుల్లో ‘అప్నా ఘర్’ పేరుతో డ్రైవర్లకి మంచాలు వేస్తున్నాయి. మంచిదే. కానీ ఆ దారిపక్క వసతులు ఎక్కువగా లీజు లెక్కల మీద, ఫుడ్‌కోర్టు అద్దెల మీద నిలబడేవి. జేబులో రూపాయి లేనివాడు ఆ ఏసీ తలుపు తోసుకుని లోపలికి వెళ్లగలడా, వెళ్తే కూర్చోగలడా అన్నదే నా ప్రశ్న.

అలాంటివాడు ఇప్పుడెవరున్నారు అంటారేమో. 2020 ఏప్రిల్, మే నెలల్లో, కరోనా లాక్‌డౌన్ వేళ, ఇదే రోడ్డు మీద చూశాం. చెన్నై నుంచి ఒడిశాకి, బీహారుకి నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో జనం నడిచారు. నడిచేవాళ్లు మళ్లీ వచ్చారు, నిలవనీడ మాత్రం లేదు. మా ఊళ్లో కుర్రాళ్లు షామియానా వేసి పులిహోర, మజ్జిగ ప్యాకెట్లు పెట్టారు. వాళ్లలో ఎవరూ ‘ఎవరి తాలూకు’ అని అడగలేదు. మా తాతల కంటే వాళ్లు మెరుగని నాకు ఆ రోజు అనిపించింది. ఆ మే నెలలోనే, నడిచి వెళ్లే కూలీలకి దారిలో తిండి, నీళ్లు, మరుగుదొడ్లు ఏర్పాటు చెయ్యాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. లాక్‌డౌన్ అయిపోయింది, షామియానాలు విప్పేశారు.

ఆగడం ఇంకా చావని చోటు ఈ రోడ్డు మీద ఒకటుంది. అన్నవరంలో కొండకింద తొలి పావంచా దగ్గర లారీ, బస్సు, కారు అన్న తేడా లేకుండా బళ్లు నెమ్మదిస్తాయి. కొబ్బరికాయ కొట్టేవాడు కొడతాడు, కిటికీలోంచి దణ్ణం పెట్టేవాడు పెడతాడు, ఆకు పొట్లంలో గోధుమరవ్వ ప్రసాదం కొనుక్కునేవాళ్లు కొనుక్కుంటారు. ఎంత ఆలస్యమైనా అక్కడ డ్రైవరు దిగుతాడు, ఒళ్లు విరుచుకుంటాడు. సత్యదేవుడి మీద భక్తి ఉంది కాబట్టి ఆగుతున్నారు; నాకు మటుకు ఆ అయిదు నిమిషాల వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో అనిపిస్తుంది. ప్రతి యాభై కిలోమీటర్లకీ ఒక దేవుణ్ణి పెట్టలేం కదా. నాలుగు వేపచెట్లు, ఒక చేతిపంపు, రెండు బెంచీలు, గడియ పడే రెండు మరుగుదొడ్లు పెట్టగలం. వాటికి టెండరు పిలిస్తే అందులో ఎవరికీ లాభం లేదు, అదొక్కటే అడ్డంకి.

అంతవరకూ ఉన్నవాటిని అడిగి వాడుకుందాం. పెట్రోలు బంకుల్లో గాలి, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఉచితంగా అందుబాటులో ఉంచాలన్నది చమురు కంపెనీలు పెట్టుకున్న నిబంధనే. తాళం వేసి ఉంటే తాళంచెవి అడగండి, సిగ్గుపడకండి. జాతీయ రహదారి మీద, టోల్‌గేటు దగ్గర వసతులు సరిగా లేకపోతే ఫిర్యాదు చెయ్యడానికి నంబరు 1033. ఫోను చెయ్యడానికి డబ్బులు పడవు.